ఆదివారం ఉదయం సైకిలు, వంటింట్లో పులిసే జాడీ: సంసారం మధ్య ఈ రెండింటినీ నిలుపుకోవడం ఎలా?

స్వర్ణముఖి_గట్టు (తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను, వయసు 41. నా భార్య ఉపాధ్యాయురాలు. మాకు 11 ఏళ్ల కూతురు, 6 ఏళ్ల కొడుకు ఉన్నారు. మా అమ్మ మాతోనే ఉంటుంది. మూడేళ్ల క్రితం రోడ్డు సైకిలు కొన్నాను. ఆ మరుసటి ఏడాది ఒక మిత్రుడు కొంబుచా, అంటే తీపి టీని పులియబెట్టి చేసే పానీయం, తయారీకి కావలసిన తల్లిపొర ఇచ్చాడు. అప్పటి నుంచి కొంబుచా, అల్లం పులియబెట్టి చేసే సోడా, నన్నారి వేర్లతో ఒక పానీయం ఇంట్లోనే చేస్తున్నాను. అపార్థం రాకుండా ముందే చెబుతాను, నేను మద్యం తయారు చేయడం లేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం.

ఈ రెండు పనులూ నాకు ఎంతో ఇష్టం. చీకటి ఉండగానే రేణిగుంట దాటి ఏర్పేడు వైపు వెళ్తున్నప్పుడు ఎడమ పక్క శేషాచలం కొండల మీద వెలుతురు మెల్లగా దిగి రావడం చూస్తే వారమంతా మోసిన బరువు దిగిపోయినట్లు ఉంటుంది. జాడీలో పొర రోజురోజుకూ మందమెక్కడం, టీ వాసన పోయి పుల్లని వాసన రావడం చూసినా అంతే సంతోషం కలుగుతుంది.

అయితే ఆదివారాలు నేను 4:45కి బయలుదేరి శ్రీకాళహస్తి దాకా వెళ్లి, దాదాపు 75 కిలోమీటర్లు తొక్కి, 9:30కి ఇల్లు చేరుతున్నాను. స్నానం, ఫలహారం అయ్యాక సీసాలు కడగడం, వడకట్టడం, నింపడంతో మరో రెండు గంటలు పోతున్నాయి. మొన్న మే నెలలో మామిడి గుజ్జు కలిపి మూత బిగించిన సీసా ఒకటి ఆదివారం ఉదయం ఆరు గంటలకు వంటింటి అలమారలో పగిలింది. నేను ఆ సమయంలో శ్రీకాళహస్తి దగ్గర ఉన్నాను. చప్పుడుకు మా అబ్బాయి చెప్పులు లేకుండా వంటింట్లోకి పరుగెత్తాడట. దేవుడి దయవల్ల వాడి కాలికి ఏమీ కాలేదు. గాజు పెంకులన్నీ మా అమ్మ, నా భార్య ఏరి తీశారు. నేను తిరిగి వచ్చాక నా భార్య కోప్పడలేదు. "ఆదివారం మీకు సెలవు రోజు, నాకు ఏడో పనిదినం" అని మాత్రం అంది. ఆ మాట నన్ను వదలడం లేదు.

వచ్చే శీతాకాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే నిర్ణీత గడువులోగా ముగించవలసిన దూరపు సైకిలు సవారీ, పూర్తి చేయాలని ఆశ ఉంది. దేన్ని వదులుకోవాలి, దేన్ని ఎలా మార్చుకోవాలి? సంసారం చేసుకుంటూ ఇటువంటి అభిరుచులను నడుపుతున్నవారు అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

రెండుచక్రాలు (చంద్రగిరి)

తమ్ముడూ, నాకు 58 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఈ దారుల్లోనే తొక్కుతున్నాను. మీ సమస్యలో సగం మీరు ఎంచుకున్న దారి వల్ల వచ్చింది. శ్రీకాళహస్తి దారి చదునైనది, ఆ దారిలో దూరం తెలియకుండా పోతుంది. అది పెద్ద రోడ్డు కూడా కావడంతో లారీల మధ్య మనసు నిలకడగా ఉండదు, అలసటా ఎక్కువే. దానికి బదులు తిరుపతి నుంచి శ్రీనివాస మంగాపురం మీదుగా చంద్రగిరి, అక్కడి నుంచి కల్యాణి డ్యామ్ వైపు వెళ్లి తిరిగి వస్తే సుమారు 40 కిలోమీటర్లు అవుతుంది. చిన్న చిన్న ఎగువలు ఉంటాయి కనుక ఒకటి ముప్పావు గంటలోనే కాళ్లకు చాలినంత పని దొరుకుతుంది. ఐదు గంటలకు బయలుదేరినవారు పిల్లలు పళ్లు తోముకునే వేళకు ఇంట్లో ఉంటారు. ఒక్క జాగ్రత్త అవసరం. డ్యామ్ దగ్గర అడవి అంచున ఏనుగులు, చిరుతలు తిరుగుతాయి కనుక తెల్లవారకముందు చంద్రగిరి దాటి లోపలికి వెళ్లవద్దు. చీకటి ఉన్నంతసేపూ ఊళ్ల మధ్యనే తొక్కి, వెలుతురు వచ్చాక అటు తిరగండి.

బ్రెవే సంగతి. 200 కిలోమీటర్లకు నిర్ణయించిన గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. దానికి ప్రతి ఆదివారం ఐదు గంటలు బలిపెట్టవలసిన అవసరం లేదు. వారంలో రెండు రోజులు గంటన్నర చొప్పున, పదిహేను రోజులకు ఒకసారి మూడు గంటలు, చివరి రెండు నెలల్లో నెలకు ఒక్కసారి 100 నుంచి 120 కిలోమీటర్లు. నేను నా మొదటి 200 ఇలాగే పూర్తి చేశాను. అప్పుడు మా ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలు ఇద్దరు ఉన్నారు.

ఇంకొక్క మాట. ఇంటికి తిరిగి వచ్చే సమయాన్ని ఎప్పుడూ ముప్పావు గంట కలిపి చెప్పండి. మనం తొమ్మిది అని చెప్పి, పంక్చరు పడి పదింటికి వస్తే ఆ గంటసేపు ఇంట్లోవాళ్లు గేటు వైపే చూస్తూ ఉంటారు. తొమ్మిది ముప్పావు అని చెప్పి తొమ్మిదికి వస్తే ఆ ముప్పావు గంట వాళ్లకు మనం ఇచ్చినట్లు అవుతుంది. రెండు ట్యూబులు, పంపు, టైరు విప్పే పుల్లలు లేకుండా గడప దాటవద్దు.

జాడీ_జీవశాస్త్రం (తిరుపతి)

నేను కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను. సమయం గురించి ఇతరులు చెబుతారు. నేను పగిలిన సీసా గురించి చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి కాలికి తగలకపోవడం అదృష్టం తప్ప మరొకటి కాదు.

కొంబుచా జాడీకి గుడ్డ కట్టి ఉంచినంతకాలం రెండు రకాల జీవులు కలిసి పని చేస్తాయి. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఎసిటిక్ బ్యాక్టీరియా గాలిలోని ఆక్సిజన్ సాయంతో ఆ ఆల్కహాలును పులుపుగా మారుస్తుంది. మూత బిగించగానే ఆక్సిజన్ అందదు కనుక రెండో పని మందగిస్తుంది, మొదటిది మాత్రం సాగుతూనే ఉంటుంది. గ్యాసు బయటికి పోలేక పానీయంలోనే కరిగి ఒత్తిడి పెంచుతుంది.

లెక్క చూడండి. లీటరులో 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక లీటరు గ్యాసు పుడుతుంది. బజారు సోడాలో ద్రవానికి మూడున్నర నుంచి నాలుగు రెట్ల గ్యాసు ఉంటుంది. మీరు అర లీటరు సీసాలో 100 మిల్లీలీటర్ల మామిడి గుజ్జు పోశారనుకుందాం. పండిన మామిడిలో చక్కెర నూటికి 14 పాళ్ల దాకా ఉంటుంది కనుక ఆ సీసాలోకి 14 గ్రాములు, అంటే లీటరుకు 28 గ్రాములు వెళ్లాయి. అది మొత్తం పులిస్తే ఏడు రెట్ల గ్యాసు వస్తుంది. మొదటి దశలో పులియకుండా మిగిలిన చక్కెర దీనికి అదనం. మే నెలలో మన వంటింటి వేడి ఆ పనిని ఇంకా తొందరపెట్టింది. పలచని గాజు, అందులోనూ పలకలుగా ఉన్న సీసా అయితే మూలల దగ్గర ఒత్తిడిని అసలే తట్టుకోదు. పాతకాలపు గోళీ సోడా సీసాను చేతిలోకి తీసుకుంటే ఎంత బరువుగా ఉండేదో గుర్తు చేసుకోండి. గోళీని రబ్బరుకు నొక్కి పట్టేది లోపలి గ్యాసే కనుక ఆ బలానికి తగిన మందంతో దాన్ని చేసేవారు.

అందువల్ల గుజ్జు చెంచాలతో కొలిచి వేయండి. ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ సోడా సీసాను కూడా అదే పానీయంతో నింపి మిగతావాటి పక్కన పెట్టండి. అది నొక్కితే లొంగనంత గట్టిపడగానే అన్నింటినీ ఫ్రిజ్జులోకి మార్చండి. వేసవిలో దీనికి ఒక్క రోజు కూడా పట్టకపోవచ్చు. ఫ్రిజ్జులో పెట్టేవరకు సీసాలన్నీ మూత ఉన్న పెట్టెలో ఉండాలి. నిజానికి పిల్లలున్న ఇంట్లో గాజు వద్దు, ప్లాస్టిక్ సోడా సీసాలే మేలు అని నా అభిప్రాయం.

మరొక విషయం. లీటరుకు ఎనిమిది, తొమ్మిది గ్రాముల చక్కెర పులిస్తే ఆల్కహాలు అర శాతానికి చేరుతుంది. మన దేశ ఆహార నియమాల్లో మద్య పానీయానికి హద్దు ఆ అర శాతమే. మూత బిగించి బయటే మూడు నాలుగు రోజులు ఉంచిన సీసా ఆ హద్దు దాటవచ్చు. అటువంటిది పిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఇవ్వకూడదు. పొర మీద పొడి పొడిగా పచ్చని, నల్లని బూజు కనిపిస్తే జాడీలో ఉన్నదంతా పారబోయాలి. గీకి తీసి వాడుకోవడం తప్పు.

అలిపిరి_మలుపు (తిరుపతి)

మేడం గారి మాటకు ఒక చిన్న చేర్పు. మా బృందంలో కొందరు కొండకు వెళ్లేటప్పుడు దాహానికని ఇటువంటి సీసాలు సంచిలో వేసుకుంటున్నారు. తిరుమలకు మద్యం, మాంసం, పొగాకు నిషిద్ధం. పులిసి పొంగే పానీయాన్ని అలిపిరి తనిఖీ దాటించాలని చూడడం మర్యాద కాదు. మంచినీళ్లే తీసుకువెళ్లండి. ఘాట్ రోడ్డు ఎక్కాలనుకునేవారు ఆ రోజు సైకిళ్లను అనుమతిస్తున్నారో లేదో ముందుగా తెలుసుకోండి. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో దాదాపు 700 మీటర్ల తేడా ఉంది. బ్రేకుల మీద నమ్మకం లేకుండా దిగే దారి కాదు అది.

స్వర్ణముఖి_గట్టు (తిరుపతి)

జాడీ_జీవశాస్త్రం గారూ, మీరు ఊహించినట్లే అది పలకల సీసా. చూడడానికి అందంగా ఉందని కొన్నాను. ఈ లెక్క నాకు ముందు తెలియదు. ఇంట్లో ఉన్న గాజు సీసాలన్నీ ఈ రోజే ఖాళీ చేశాను. రెండుచక్రాలు అన్నా, కల్యాణి డ్యామ్ దారి ఈ గురువారం ప్రయత్నిస్తాను.

పడమటి_పొద్దు (సొంత ఊరు చిత్తూరు, ప్రస్తుతం అమెరికా)

నేను ఇక్కడ పదేళ్లుగా ఇంట్లో బీరు తయారు చేస్తున్నాను, సైకిలు కూడా తొక్కుతాను. ఇక్కడ 1979 నుంచి సమాఖ్య చట్టం దీన్ని అనుమతిస్తోంది. పెద్దలు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు పరిమితి. అమ్మకూడదు. చిత్తూరు వచ్చినప్పుడు నేను ఆ జోలికి వెళ్లను. అయినా ఆ పనిలో నేర్చుకున్నవి రెండు మీకు ఉపయోగపడవచ్చు.

మొదటిది సీసా గురించి. మేము మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని 66 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నానబెట్టి, ఆ తీపి నీళ్లను చేదునిచ్చే హాప్స్ పూలతో కలిపి గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి రెండు వారాలు ఉంచుతాం. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు రెండు మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపితేనే పులవడం ముగిసిందని నమ్ముతాం. ఆ తరువాత లీటరుకు సుమారు 6 గ్రాముల చక్కెర కొలిచి కలిపి సీసాలో నింపుతాం. సీసాలో గ్యాసు ఎంత పుడుతుందో మాకు ముందే తెలుస్తుంది. మీ కొంబుచాలో చక్కెర ఇంకా మిగిలి ఉండగానే మూత పడుతోంది కనుక దాన్ని ఆపగలిగేది చల్లదనం ఒక్కటే. అందుకే మేడం చెప్పిన ప్లాస్టిక్ సీసా పరీక్షను ఒక్కసారి కూడా మానవద్దు.

రెండవది సమయం గురించి. 20 లీటర్ల బీరుకు నాకు ఐదు గంటలు పట్టేది. మా బాబు పుట్టిన తరువాత ఆ ఐదు గంటలు ఒక్కచోట దొరకలేదు. ఏడాదిపాటు విసుగుతో గడిపి, చివరికి పనిని రెండు ముక్కలు చేశాను. శుక్రవారం రాత్రి బాబు నిద్రపోయాక బార్లీని వేడి నిలిపే పాత్రలో నానబెట్టి పడుకుంటాను. శనివారం తెల్లవారి లేచి మరిగిస్తాను. ఇంకా పెద్ద మార్పు ఏమిటంటే 20 లీటర్లను 5 లీటర్లకు తగ్గించాను. పరిమాణం తగ్గితే కడగవలసిన పాత్రలు తగ్గుతాయి, అందరికీ పంచాలన్న ఆరాటం తగ్గుతుంది. సైకిలుకు ఈ వెసులుబాటు లేదు. జాడీ మన కోసం ఒక రోజు ఆగుతుంది, తెల్లవారుజాము ఆగదు. అందుచేత ఆదివారాన్ని సైకిలుకు వదిలి, జాడీ పనిని వారంలో మరో రాత్రికి మార్చండి.

తోతాపురి (చిత్తూరు)

నేను మీ భార్య స్థానంలో ఉన్నదాన్ని, సైకిలు తొక్కేదాన్ని కూడా. అందుకే కొంచెం సూటిగా చెబుతాను, మన్నించండి.

మీ లెక్కలో 4:45 నుంచి 9:30 దాకా మాత్రమే ఉంది. శనివారం రాత్రి ముందే పడుకోవాలని మీరు భోజనం తొందరపెట్టి ఉంటారు. 4:15కి మీరు లేచిన చప్పుడుకు ఇంట్లో మరొకరికి కూడా మెలకువ వచ్చి ఉంటుంది. తిరిగి వచ్చాక మధ్యాహ్నం గంటన్నర నిద్ర పట్టి ఉంటుంది. చెమట బట్టలు విడిగా ఉతకాలి. సీసాలు ఎండేదాకా వంటగట్టు ఖాళీ ఉండదు. ఇవన్నీ కలిపితే ఆదివారంలో ఇంకేం మిగులుతుంది? ఒక మనిషి సెలవు తీసుకోవడానికి మరో మనిషి ఎంత పని చేస్తోందో ఒక్క వారం కాగితం మీద రాసి చూడండి. మా ఇంట్లో మేమిద్దరం రాశాం. మా ఆయన ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక ఆదివారం ఆయనది, ఒక ఆదివారం నాది. నా ఆదివారం నేను కాణిపాకం దాకా సైకిలు మీద వెళ్లి వస్తాను. రానూ పోనూ 25 కిలోమీటర్లు కూడా ఉండదు, దర్శనం చేసుకుని నిదానంగా వస్తాను. ఒక్కోసారి అసలు సైకిలు తీయను, ఎనిమిదింటి దాకా నిద్రపోతాను. ఆ రోజు ఏమి చేశావని ఆయన అడగరు. పిల్లల టిఫిను, మా అత్తగారి మందులు, పాలవాడి లెక్క అంతా ఆయనే చూసుకుంటారు. "సాయం చేస్తాను" అనే మాట మా ఇంట్లో మానేశాం. ఆ రోజు ఆ పని ఆయనది, అంతే.

జాడీ గురించి కూడా ఒక మాట. నేను వారానికి మూడుసార్లు ఇడ్లీ పిండి పులియబెడతాను. మా అత్తగారు వేసవి అంతా అంబలి చేస్తారు. పెరుగు తోడు పెట్టని రాత్రి లేదు. ఎండాకాలం ఎన్ని గంటలకు పులుస్తుంది, వానాకాలం ఎన్ని గంటలకు పులుస్తుంది, చలికి పిండి గిన్నెను ఎక్కడ పెట్టాలి అనేది మా చేతులకు తెలుసు. కొంబుచాను మీరు అభిరుచి అన్నారు, మంచిదే. అయితే మీ ఇంట్లో మీకంటే ముందు నుంచీ ఆ విద్య తెలిసినవారు ఇద్దరు ఉన్నారు. వాళ్లను ఎప్పుడైనా అడిగారా?

ఒంటరి_మైలురాయి (పుత్తూరు)

నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. ప్రతి ఇష్టాన్నీ ఇంటి లెక్కల్లోకి లాగితే అది కూడా ఒక విధిగా మారిపోతుంది. నేను నారాయణవనం దారిలో ఒంటరిగా తొక్కే రెండు గంటలే నన్ను మనిషిగా నిలుపుతున్నాయి. తండ్రిగా, కొడుకుగా, ఉద్యోగిగా కాకుండా ఉండే సమయం ఒకటి కావాలి. దానికి కాగితం మీద లెక్క రాయమంటే నాకు ఊపిరి ఆడదు.

తోతాపురి (చిత్తూరు)

ఆ రెండు గంటలు మీకు కావాలి, కాదనను. భార్యగా, కోడలిగా, తల్లిగా కాకుండా ఉండే రెండు గంటలు మీ ఇంట్లో ఆమెకు ఎప్పుడు దొరుకుతున్నాయో చెప్పండి. దొరుకుతుంటే మీరు లెక్క రాయనవసరం లేదు.

ఒంటరి_మైలురాయి (పుత్తూరు)

ఆలోచించాను. దొరకడం లేదు. ఈ రోజు ఇంట్లో మాట్లాడతాను.

రెండుచక్రాలు (చంద్రగిరి)

తోతాపురి అమ్మ అంబలి ప్రస్తావన తెచ్చింది కనుక నా అనుభవం కూడా చెబుతాను. బజారులో దొరికే పొడులు కలుపుకుని తాగిన రోజుల్లో 60 కిలోమీటర్లు దాటేసరికి కడుపు తిప్పేది. ఆ తరువాత మా ఇంటావిడ చేసే అంబలికి మారాను. రాత్రి రాగిపిండిని నీళ్లలో కలిపి ఉంచుతుంది. పొద్దున నూకలతో కలిపి ఉడికించి, చల్లార్చి, మజ్జిగ, ఉప్పు వేసి పలచగా చేస్తుంది. సీసా మూతి పెద్దదిగా ఉండాలి, లేకపోతే అడ్డుపడుతుంది. ఎండ ముదరకముందు తాగేయాలి. వేడికి ఇంకా పులిసి వాసన వస్తుంది కనుక రెండు గంటలకు మించి నిలవ ఉంచను. దానితోపాటు గంటకు కనీసం అర లీటరు నీళ్లు తప్పనిసరి. ఇప్పుడు ఆ పిండి కలిపే పని నేనే చేస్తున్నాను, అమ్మా. మీ మాట చదివాక కాదు, రెండేళ్ల నుంచీ.

పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, తమిళనాడు నుంచి కాలినడక భక్తులు చిత్తూరు, పుత్తూరు దారుల్లో చీకటిలోనే నడుస్తూ ఉంటారు. ముందు దీపం, వెనుక ఎర్ర దీపం రెండూ వెలిగించండి. వేగం తగ్గించండి. వాళ్ల కాళ్లకు చెప్పులు కూడా ఉండవు.

స్వర్ణముఖి_గట్టు (తిరుపతి)

రెండు నెలల తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి. చెప్పడానికి నిజంగా జరిగినది ఏదైనా ఉండాలని ఆగాను.

తోతాపురి గారూ, కాగితం రాశాను. నేను ఒక్కడినే రాస్తే తప్పుతుందని మా ఆవిడతో కలిసి రాశాను. నా సైకిలు, సీసాలు, వాటి చుట్టూ జరిగే పనులు కలిపి ఆ వారం 14 గంటలు తేలాయి. అందులో దాదాపు నాలుగు గంటలు నేను చేసినవి కావు. ఆమె తనకోసం గడిపిన సమయం 50 నిమిషాలు. అందులో అర గంట బస్సులో కూర్చుని చదువుకున్నది.

ఇప్పుడు మంగళ, గురువారాల్లో ఐదు నుంచి ఆరున్నర దాకా మంగాపురం, చంద్రగిరి వైపు తొక్కుతున్నాను. ఆదివారాలు ఒకటి విడిచి ఒకటి నావి. తన ఆదివారం మా ఆవిడ వాళ్ల అక్కతో కలిసి తిరుచానూరు వెళ్లింది. రెండోసారి ఇంట్లోనే ఉండి తలుపు వేసుకుని పుస్తకం చదువుకుంది. ఆ రోజు నేను చేసిన పొంగలి అడుగంటింది. అయినా పిల్లలు తిన్నారు. 200 కిలోమీటర్ల బ్రెవే సంక్రాంతి దాటాక చూస్తాను. ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోతాయి, చలి కూడా ఉంటుంది.

జాడీ విషయంలో నాకు ఊహించని సంతోషం దొరికింది. మా అమ్మను అడిగాను. నన్నారి పానీయం చప్పగా ఎందుకు ఉంటోందని నేను ఏడాదిగా తికమకపడుతున్నాను. ఆమె ఒక్క గుక్క తాగి, వేర్లు దంచకుండా వేశావు అని చెప్పింది. వేరు పైతొక్కలోనే వాసనంతా ఉంటుందనీ, దంచి రాత్రంతా నానబెట్టాలనీ, మరిగిస్తే ఆ వాసన పోతుందనీ చెప్పింది. చక్కెర బదులు బెల్లం వేయమంది. చిత్తూరు బెల్లంతో చేసినది గోధుమ రంగులో, కొంచెం నిదానంగా పులిసి, ఇప్పటిదాకా నేను చేసినవాటిలో మేలైనదిగా వచ్చింది. శుక్రవారం రాత్రి మేమిద్దరం కూర్చుని రెండు లీటర్లు మాత్రమే చేస్తున్నాం, నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఆ నలభై నిమిషాల్లో ఆమె వాళ్ల పల్లెలో అంబలి కుండ గురించి, కరువు సంవత్సరాల గురించి చెబుతూ ఉంటుంది. ఇవన్నీ నేను ఇంతకుముందు ఎన్నడూ విననివి.

ప్లాస్టిక్ సీసా నొక్కి చూసే బాధ్యత మా అమ్మాయిది. సీసాల మీద తేదీ రాసి, ఉదయం, సాయంత్రం నొక్కి, గట్టిపడిన గంట నోటుపుస్తకంలో రాస్తోంది. జూలైలో 26 గంటలు పట్టింది, మొన్న వాన పడిన వారంలో 41 గంటలు పట్టింది. పిల్లలిద్దరికీ తాగడానికి మాత్రం అంబలి, మజ్జిగ. పొంగే సీసా పెద్దవాళ్లకే.

ఇప్పుడు ఒక కొత్త ప్రశ్న వచ్చింది. మా అమ్మాయి నాతో పాటు సైకిలు మీద వస్తానంటోంది. ఎత్తు 140 సెంటీమీటర్లు. పెద్దలకు చేసే అన్నింటికంటే చిన్న రోడ్డు సైకిలు కొనాలా, పిల్లల సైకిలు సరిపోతుందా?

రెండుచక్రాలు (చంద్రగిరి)

కొనవద్దు. 140 సెంటీమీటర్లకు 24 అంగుళాల చక్రాల సైకిలు సరిగ్గా సరిపోతుంది. పెద్ద సైకిలు మీద కూర్చోబెడితే పాదాలు నేలకు ఆనవు, వేళ్లు బ్రేకు దాకా చాచవలసి వస్తుంది, మొదటి భయం అక్కడే పుడుతుంది. కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందుభాగం నేలకు తగలాలి, బ్రేకు పూర్తిగా పట్టినా వేళ్లకు ఇంకా పట్టు మిగలాలి. మొదటి నెల జూ పార్కు దారి దాటి వెళ్లవద్దు. వెలుతురు వచ్చాకే బయలుదేరండి. తన ఎడమ పక్కన రోడ్డు అంచు ఉండేలా, మీరు తన వెనుక కొంచెం కుడికి ఉండేలా తొక్కండి. వేగం తనది, దూరం కూడా తనే చెప్పాలి.

మా మనవరాలు వాడి వదిలేసిన 24 అంగుళాల సైకిలు మా ఇంట్లో ఖాళీగా ఉంది. గొలుసు కడిగి నూనె వేశాను, వెనుక టైరు మార్చాలి. వచ్చే గురువారం మీరు ఇటు వచ్చినప్పుడు చూసుకోండి. ఆదివారం అమ్మాయిని తీసుకుని కారులో రండి, సీటు ఎత్తు తన కాలికి సరిపెట్టి ఇస్తాను. మీ అమ్మగారి నన్నారి ఒక సీసా తెచ్చారంటే మా ఇంటావిడ సంతోషిస్తుంది. ప్లాస్టిక్ సీసాలోనే తెండి.